చిన్న విమానాలకు మబ్బులతోనే ముప్పు

2001 సెప్టెంబరు 30న కాన్పూర్ సభకు బయలుదేరిన మాధవరావు సింధియా విమానం ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి జిల్లాలో కూలింది. ఐదు నెలలకే, 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు సమీపంలోని చేపల చెరువులో పడింది. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరిన నటి సౌందర్య విమానం బెంగళూరు జక్కూరులో నేల విడిచిన కొద్ది క్షణాలకే కుప్పకూలింది. ఈ మూడింటిలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు.

చిన్న విమానాల నిర్మాణమే లోపభూయిష్టమని భావించడం సరికాదు. పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లు, కనీసం రెండు ఇంజన్లు, వాతావరణ రాడార్ ఉంటాయి. వెళ్లవద్దని చెప్పే యంత్రాంగం నేలపై ఉంటుంది. చిన్న విమానంలో తరచుగా ఈ భారమంతా ఒక్క పైలట్‌దే.

అతడు బయటి దృశ్యాన్ని ఆధారం చేసుకుని నడుపుతున్నప్పుడు మబ్బు కమ్మితే దిక్చక్రం కనుమరుగవుతుంది. అప్పుడు లోపలిచెవి మోసం చేస్తుంది. విమానం మెల్లగా ఒకవైపు ఒరిగి తిరుగుతున్నా, కొంతసేపటికి నేరుగానే సాగుతున్నట్లు అనిపిస్తుంది. ఎత్తు తగ్గుతోందని గమనించి పైలట్ ముక్కు పైకెత్తబోతే ఆ మలుపు మరింత బిగుస్తుంది. పరికరాలను తప్ప శరీరాన్ని నమ్మకూడదన్నది శిక్షణతో మాత్రమే అలవడే విద్య. 1999 జూలైలో అమెరికాలో జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ విమానం రాత్రివేళ సముద్రంలో కూలడానికి దర్యాప్తు సంస్థ ఈ భ్రమనే కారణంగా పేర్కొంది. పరికరాల ఆధారంగా నడిపే అర్హత ఆయనకు లేదు.

నేల విడిచిన తొలి నిమిషం మరో గండం. ఒకే ఇంజన్ ఉండి అది ఆగితే, రన్‌వేకు తిరిగి రావాలన్న తొందరలో విమానాన్ని బిగువుగా తిప్పితే రెక్కలు గాలిపై పట్టు కోల్పోతాయి. దీన్నే ‘స్టాల్’ అంటారు. ఇంజన్ ఆగడమని చాలామంది పొరబడతారు. ఆ ఎత్తులో తేరుకునే వ్యవధి ఉండదు. ఎదురుగా దొరికిన చోట దిగమని శిక్షకులు బోధించేది అందుకే.

ఇక ఏ పరికరానికీ అందనిది ప్రయాణికుడి హోదా. తుది నిర్ణయం పైలట్‌దేనని నిబంధన. కానీ సభలో జనం ఎదురుచూస్తుండగా వెనుదిరుగుదామని నాయకుడితో చెప్పడం సులభం కాదు.

2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌కు రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. నల్లమలపై ప్రతికూల వాతావరణం ఎదురైన వేళ, సిబ్బంది దృష్టి ఒక సాంకేతిక సమస్యపై నిలిచిపోయిందని దర్యాప్తులో తేలింది. శకలాలు మరునాడు ఉదయం పావురాలగుట్ట వద్ద కనిపించాయి.