చుచ్చు అంటే రైలుబండి కాదు

మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట్లాడుకోవడానికి విషయాలకేం కొదవ? ఇళ్ళ ధరలు, వీసాలు, కరివేపాకు ఏ కొట్లో దొరుకుతోంది, పెరట్లో వేసిన గోంగూర మంచుకి మాడిందా బతికిందా! ఇవన్నీ అయ్యాక కాఫీ గ్లాసులు పట్టుకుని తల్లులు ఒక మూలకి చేరి, గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి ఒకటుంది: పిల్లలకి నాపీ మానిపించడం. పండుగల గురించీ పద్యాల గురించీ రాసేవాళ్ళున్నారు గాని దీని గురించి ఎవరూ రాయరు. అసహ్యమనుకుంటారో, చిన్న విషయమనుకుంటారో మరి. రెండేళ్ళ పిల్లాడున్న ఇంట్లో ఇంతకన్న పెద్ద విషయం ఉందేమో ఆ ఇంటివాళ్ళనే అడగండి. అంచేత, దయచేసి భోజనానికి ముందు మటుకు చదవవద్దని మనవి చేసుకుని మొదలుపెడుతున్నాను.

ముందుగా ఒక రైలుబండి కథ. మనవాళ్ళ పిల్లాడొకడు, రెండున్నరేళ్ళవాడు, నెల రోజులుగా ఇంట్లో బట్టలు తడపడం లేదు. "చుచ్చు" అన్నాడంటే అమ్మమ్మ చేతిలో పని పడేసి వాడిని ఎత్తుకుని పరుగెత్తేది. వాణ్ణి డేకేర్‌లో వేశారు. మొదటి వారమంతా రోజూ తడిబట్టల సంచీతో ఇంటికొచ్చాడు. తల్లి బెంగపడి ఒకపూట సెలవుపెట్టి అక్కడే ఓ మూల కూర్చుంది. చూస్తే ఏముంది, వాడు వేళకి చెపుతూనే ఉన్నాడు. "చుచ్చు" అన్నప్పుడల్లా టీచరమ్మ ఎంతో ప్రేమగా బొమ్మ రైలు తెచ్చి వాడి చేతిలో పెడుతోంది. ఇంగ్లీషు పిల్లల భాషలో చుచ్చు అంటే రైలు గదా! వాడు రైలు పుచ్చుకుని, నిలబడి, కార్యక్రమం కానిస్తున్నాడు.

దీనికి ఎదురుకథ కూడా ఉంది. ఒక పిల్ల డేకేర్‌లో "పూ" అనే మాట నేర్చుకుంది. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన నాయనమ్మ దగ్గరికి వెళ్ళి "పూ, పూ" అంది. ఆవిడ మురిసిపోయి, పిల్లని చంకనేసుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, కెమీలియా పువ్వు కోసి తలలో పెట్టింది. తరువాతి సంగతి ఆవిడ చీర చెప్పాలి.

పోనీ "కక్క" అందామంటే, కాకా అని ఈ దేశంలో ఒక చిలక ఉంది. ఆ పేరు మావోరీలు పెట్టింది. మావోరీ మాటలు కూడా మన పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. మూత్రానికి మిమి, రెండోదానికి టూటై, ఆ గదికి ఫరెపకు. ఇక్కడి టీచర్లు ఇంగ్లీషుతోబాటు ఈ మాటలు వాడటం మామూలే. అంటే బొడ్డూడని బుడతడు ఒక్క పనికి మూడు భాషల్లో పేర్లు మొయ్యాలన్న మాట. మనలో డాక్టరేట్లు తీసుకున్నవాళ్ళు కూడా ఇంత కష్టపడి ఉండరు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఇందులో పిల్లాడి కష్టం చూడండి. రెండేళ్ళ పిల్లల మూత్రాశయంలో పట్టేది దాదాపు 90 మిల్లీలీటర్లు, మన చిన్న స్టీలు కాఫీ గ్లాసుడు. అది నిండిందని తెలియడానికీ ఇక ఆగదనడానికీ మధ్య కొత్తలో ఒకటి రెండు నిమిషాలకన్న వ్యవధి ఉండదు. ఆ కాస్త వ్యవధిలో వాడు మాట చెప్పాలి, విన్నవాళ్ళకి అర్థం కావాలి, గది చేరాలి, లాగు విప్పాలి. మాట దగ్గరే ఆలస్యమైతే మిగతావన్నీ తెలిసినా ఏం లాభం? నాలుగుసార్లు చెప్పినా పని జరగకపోతే అయిదోసారి వాడు చెప్పడం మానేస్తాడు. అప్పుడు మనం "వీడికింకా రాలేదు" అనుకుంటాం.

ఈ బాధ పడలేక కొందరు ఇంట్లో కూడా ఇంగ్లీషు మాటకే మారిపోతున్నారు. నాకది నచ్చదు. చంటిపిల్లకి మన భాషలో మొట్టమొదట వచ్చే పదిమాటల్లో ఇదొకటి. దాన్ని లాక్కోవడం దేనికి? టీచరమ్మకే నేర్పితే సరిపోతుంది. ఆవిడకి అది ఒక్క నిమిషం పని. పిల్లని వెయ్యబోయే ముందే ఒక కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలలో మీ ఇంటి మాటలు రెండూ రాసి ఇవ్వండి. చుచ్చు, ఒంటేలు, కక్క, దొడ్డి, మీ ఇంట్లో ఏదైతే అది. పిల్ల మాటకి ముందు చూపే గుర్తు కూడా రాయండి: సోఫా వెనక్కి వెళ్ళి నిలబడుతుందా, ఆట మధ్యలో మౌనం పాటిస్తుందా, కాళ్ళు మెలివేస్తుందా. నీళ్ళతో కడిగించుకోవడం అలవాటైన పిల్ల కాగితం చూసి బెదురుతుంది, అదీ రాయండి. ఊరినుంచి అమ్మమ్మగారో నాయనమ్మగారో వస్తే, విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే "పూ" అంటే పువ్వు కాదని చెప్పేయండి.

ఇక రెండో తగువు వయసు గురించి. "మా పిల్లలందరికీ ఏడాది తిరక్కుండానే అలవాటయింది, మీరేమిటి మూడేళ్ళు వచ్చేదాకా ఈ మూటలు కడతారు?" అని పెద్దావిడ. "తొందరపడకండి, పిల్లే సిద్ధమవుతుంది" అని ప్లంకెట్ నర్సు. మధ్యన కోడలు.

పెద్దావిడ చెప్పేది గొప్పలు కాదు సుమా. మూడు నెలల బిడ్డని రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని, నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగాక ఒకసారి "స్స్...స్స్" అంటూ ఉంటే, కొన్నాళ్ళకి ఆ శబ్దానికే బిడ్డ మూత్రం పోస్తుంది. తూర్పు ఆఫ్రికాలోని డిగో జాతి తల్లులు అచ్చంగా ఇదే పద్ధతిలో, పుట్టిన కొద్ది వారాలకే మొదలుపెట్టి, అయిదారు నెలలకే అలవాటు చేస్తున్నారని డెవ్రీస్ దంపతులు 1977లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో రాశారు. మన అమ్మమ్మలకి ఆ పత్రికతో పనిలేకపోయింది.

అలాగని నర్సు చెప్పేదీ కొట్టిపారెయ్యలేం. ఇక్కడ వినోదం ఏమిటంటే, ఆ నర్సు పనిచేసే సంస్థే ఒకప్పుడు మన పెద్దావిడకన్న తొందరపడింది. ప్లంకెట్ సొసైటీని 1907లో డునెడిన్‌లో మొదలుపెట్టిన డాక్టర్ ట్రూబీ కింగ్ ఉద్యోగరీత్యా సీక్లిఫ్ పిచ్చాసుపత్రి అధికారి. పాలు గడియారం ప్రకారం, నిద్ర గడియారం ప్రకారం, విరేచనం కూడా గడియారం ప్రకారం అని ఆయన శాసనం. ఈ దేశంలో తరాల తరబడి తల్లులు నెలల పిల్లల్ని వేళతప్పకుండా గిన్నె మీద కూర్చోబెట్టారు. తరువాత గాలి మారింది. అమెరికాలో బ్రేజల్టన్ అనే పిల్లల డాక్టరు 1,170 మంది పిల్లల్ని పరిశీలించి, పిల్ల సిద్ధమయ్యేదాకా ఆగాలని 1962లో రాశాడు. ఆయన లెక్కలో పగటిపూట నాపీ మానడానికి సగటున 28 నెలలు దాటింది. 1974లో ఇంకో ఇద్దరు ఒక్క రోజులోపే నేర్పేయవచ్చని పుస్తకం వేశారు. ఆ ఒక్క రోజు ఎవరింట్లో వచ్చిందో నేనైతే చూడలేదు.

నన్నడిగితే ఇందులో ఎవరి శాస్త్రం గొప్పదని తేల్చనక్కరలేదు. ఇల్లు ఎలాంటిదో చూసుకుంటే చాలు. అమ్మమ్మ పద్ధతికి కావలసినవి నాలుగు: రోజంతా బిడ్డని కనిపెట్టుకుని ఉండే మనిషి, గచ్చు నేల, వెచ్చని వాతావరణం, మొలతాడుకి చుట్టిన గుడ్డముక్క. క్రైస్ట్‌చర్చ్‌లో ఈ నాలుగింటిలో ఏదుంది? జీతంతో కూడిన ప్రసూతి సెలవు 2020 జులై నుంచి 26 వారాలు. అంటే బిడ్డకి ఆర్నెల్లు రాగానే తల్లి ఉద్యోగానికి బయల్దేరాలి. హాల్స్‌వెల్‌లోనో రోల్‌స్టన్‌లోనో కొన్న కొత్తిల్లు చూస్తే గోడనుంచి గోడదాకా కార్పెట్టు. జులై నెల పొద్దున్నే లేస్తే గడ్డిమీద తెల్లగా మంచు. పిల్లకి లోపలొకటి, పైనొకటి, ఆపైన ఉన్నిదొకటి. అవన్నీ విప్పేలోపల ఏం జరుగుతుందో చెప్పాలా?

కాలం గురించి ఇంకో మాట. పెద్దవాళ్ళు మన దేశపు ఎండలు తప్పించుకోవాలని ఏప్రిల్, మే నెలల్లో వస్తారు. అప్పుడిక్కడ చలి దిగుతుంది. సాయానికి మనిషి ఉన్నారు గదా అని సరిగ్గా ఆ నెలల్లోనే నాపీ మానిపించబోతాం. పిల్ల వణుకుతుంది, లాగు ఆరదు, అందరికీ విసుగు. వీలైతే పెద్దవాళ్ళని డిసెంబరులో రమ్మనండి. క్రిస్మస్ సెలవులు, ఇంట్లో ఇద్దరూ ఉంటారు, పిల్ల పల్చటి లాగుతో గడ్డిలో తిరుగుతుంది. వేడి నార్‌వెస్టర్ గాలి వీచిందంటే ఉతికిన లాగులు గంటలో ఆరి తీగమీద ఎగురుతూ ఉంటాయి.

సిద్ధమైందని తెలిసేదెలాగంటే, రెండేసి గంటలు నాపీ పొడిగా ఉండటం, తడిస్తే విప్పమని లాగడం, చెప్పిన చిన్న పని చెయ్యడం, తన లాగు తను కిందికి దించుకోవడం. ఇవి చాలామందిలో రెండేళ్ళకీ మూడేళ్ళకీ మధ్య కనిపిస్తాయి. పెద్ద కమోడు మీద కూర్చోబెట్టేటప్పుడు కాళ్ళు గాలిలో వేలాడనివ్వకండి. కాళ్ళకింద పీట వెయ్యాలి. మోకాళ్ళు కాస్త పైకి లేస్తే మనం ఊళ్ళో గొంతుక్కూర్చున్నట్టే అవుతుంది, ప్రేవుకి దారి తిన్నగా ఉంటుంది. భోజనమయ్యాక పది ఇరవై నిమిషాలకి ప్రేవులు కదులుతాయి, ఆ వేళ అయిదు నిమిషాలు కూర్చోబెడితే చాలు. అరగంట కూర్చోబెట్టి కథలు చెప్పడం దండగ.

నిజంగా జాగ్రత్త పడవలసింది మలబద్ధం దగ్గర. మన పిల్లల్లో ఇది తక్కువేం కాదు. అన్నం తినకపోతే పాలు, నిద్రపోకపోతే పాలు, ఏడిస్తే పాలు. రోజుకి అరలీటరు దాటితే ఆకలి చచ్చి, పీచుపదార్థం లోపలికి వెళ్ళక, మలం గట్టిపడుతుంది. ఒకసారి నొప్పి పుడితే పిల్ల భయపడి బిగబడుతుంది. బిగబట్టినకొద్దీ ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పి. సరిగ్గా ఆ సమయంలో మనం "కూర్చో, కూర్చో" అని గద్దిస్తే ఆ గదంటేనే హడలు. కొన్నాళ్ళకి గట్టిపడినదాని పక్కనుంచి పల్చగా కారి లాగు పాడవుతుంది. పెద్దవాళ్ళు దాన్ని విరేచనాలనుకుని మందు వేస్తారు, లేదా పొగరనుకుని చెయ్యి చేసుకుంటారు. రెండూ తప్పే. ఆ పిల్లకి అది కారుతున్నట్టు తెలియనే తెలియదు. ఇలా కనబడితే శిక్షణ మాట పక్కనపెట్టి, అవసరమైతే నాపీ మళ్ళీ వేసి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14 ఏళ్ళలోపు పిల్లలకి చాలా క్లినిక్కుల్లో ఫీజు లేదు. లాక్టులోజ్ లాంటి మెత్తబరిచే మందు రాస్తారు. అది నాలుగు రోజులు వాడి ఆపేసేది కాదు, వాళ్ళు చెప్పినన్నాళ్ళు వాడాలి. ఇంట్లో మంచినీళ్ళు, పప్పులో ఆకుకూర, ఎండు ప్రూన్సు, ఇక ఈ దేశం పేరు చెప్పుకు తిరిగే కివీపండు ఉండనే ఉంది.

వచ్చిన అలవాటు వెనక్కి పోవడం కూడా వింత కాదు. చెల్లెలు పుట్టినా, ఇల్లు మారినా, అమ్మమ్మ విమానమెక్కి వెళ్ళిపోయినా మళ్ళీ లాగులు తడుస్తాయి. 2011 ఫిబ్రవరి 22న మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకి భూమి కంపించి 185 మందిని పొట్టన పెట్టుకున్న తరువాత, ఊరి మురుగు గొట్టాలు విరిగిపోయి, వేలాది ఇళ్ళలో కమోడు వాడటానికి లేకపోయింది. వీధుల్లో ప్లాస్టిక్ మరుగుదొడ్లు నిలబెట్టారు, ఇళ్ళకి కెమికల్ టాయిలెట్లు పంచారు. చాలామంది పెరట్లో గొయ్యి తవ్వుకున్నారు. (దొడ్డి అంటే పెరడేగదా, ఊరు ఊరంతా అక్షరాలా దొడ్డికి వెళ్ళింది.) నేలకంపం ఆగక, చీకట్లో వీధిలోని డబ్బాలోకి వెళ్ళాలంటే పెద్దవాళ్ళకే గుండె దడ. చిన్నపిల్లలు వచ్చిన అలవాటు మరిచిపోవడంలో ఆశ్చర్యమేముంది? అప్పుడు తిట్టని ఇళ్ళలో వాళ్ళంతట వాళ్ళే తిరిగి తేరుకున్నారు.

రాత్రిపూట పక్క తడపడం వేరే సంగతి. అది నేర్పితే వచ్చేది కాదు. నిద్రలో మూత్రం తక్కువ తయారు చేసే హార్మోను కుదురుకోవాలి, నిండినప్పుడు మెలకువ రావాలి. అయిదేళ్ళ పిల్లల్లో నూటికి పదిహేనుమంది దాకా ఇంకా తడుపుతారు. తండ్రికి చిన్నప్పుడు ఆ అలవాటుంటే కొడుక్కి ఉండటం కద్దు, నాయనమ్మగారిని ఏకాంతంగా అడిగితే నిజం బయటపడుతుంది. పరుపుమీద నీరు దిగని గుడ్డ వేసి ఊరుకోవడం మేలు.

చివరగా, ఇండియా ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి. బయల్దేరే ముందు నెలలో నాపీ మానిపించే పని పెట్టుకోకండి. ఇదివరకే మానిన పిల్లకైనా సింగపూరు దాకా పదిగంటల పైచిలుకు ప్రయాణంలో నాపీ తొడగండి, పరువేం పోదు. సీటుబెల్టు దీపం వెలిగినప్పుడే ఆవిడగారికి గుర్తొస్తుంది. తాతగారింట్లో నేలమట్టపు దొడ్డి ఉంటే, ఇక్కడ పెరట్లోనే రెండు ఇటుకలు పెట్టి వారం ముందునుంచీ గొంతుక్కూర్చోవడం ఆటగా నేర్పండి. మనం అంత సుళువుగా కూర్చునేవాళ్ళమా అని మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి. లేవడానికి పక్కన ఏదైనా ఆధారం ఉంచుకోండి.