కళ్ళు మూసుకునే ఆ అర నిమిషం

న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో, ఒక శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచినవాళ్ళింట్లో బాత్రూమ్ లైటు ఆర్పేశాను. అలవాటు. చిన్నప్పుడు ‘కరెంటు బిల్లు నువ్వు కడతావా’ అని తిట్లు తిని నేర్చుకున్నది. బయటికి రాగానే పిల్లలు నలుగురూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఇంటావిడ మాత్రం నవ్వి, “అక్కడ చీకటిగా ఉంది, చిన్నవాడు భయపడతాడేమో” అంది. భయపడితే లైటు వేసుకోవచ్చు కదా అనుకున్నాను. నాకు వెలగడానికి కాస్త టైము పట్టింది. అది షబ్బాత్, యూదుల విశ్రాంతి దినం. శుక్రవారం పొద్దుగూకే ముందు నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలు, వాళ్ళు స్విచ్ వేయరు, తీయరు. వేసిపెట్టమని నన్ను నేరుగా అడగనూ కూడదు. చీకటిగా ఉందని మాత్రం అనుకోవచ్చు.

ఎడిసన్‌లో తెలుగువాళ్ళు కొల్లలు. దాన్ని ఆనుకునే ఉన్న హైలాండ్ పార్క్‌లో సంప్రదాయ యూదు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఇరుగుపొరుగునే ఉన్నా, మనకు వాళ్ళ గురించి తెలిసింది సినిమాల్లో చూసిందీ, వాట్సాప్‌లో వచ్చిందీ. ఆ ఇళ్ళల్లో తల్లి ఎలా బతుకుతుందో మరీ తెలియదు. నాకూ తెలియదు. ఒక్కొక్క తప్పూ చేసుకుంటూ తెలుసుకున్నాను.

అపోహ: శాకాహారమైతే కోషరే, అంటే యూదు ధర్మం ప్రకారం తినదగినదే. లేదంటే యూదు మతగురువు రబ్బై దీవిస్తే కోషర్ అయిపోతుంది.

రెండోసారి పిలిచినప్పుడు పులిహోర పట్టుకెళ్ళాను. మాంసం లేదు, గుడ్డు లేదు, ఉల్లిపాయ కూడా లేదు. ఇంక అభ్యంతరమేముంటుంది? ఆవిడ రెండు చేతులా అందుకుంది, వాసన చూసి మెచ్చుకుంది, నేను బయల్దేరేటప్పుడు మూత తీయకుండానే తిరిగిచ్చింది. తప్పు పులిహోరది కాదు, నా మూకుడుది. వేడి మీద పాత్ర పదార్థం రుచిని పీల్చుకుంటుందని వాళ్ళ ధర్మశాస్త్రం లెక్క. అంతకు ముందు ఆదివారం ఆ మూకుడులో ఏం వేగిందో నాకు తెలుసు.

రబ్బై చేసేది దీవెన కాదు, తనిఖీ. ఏ దినుసు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ యంత్రంలో తయారైంది అని చూసి ముద్ర వేయిస్తారు. అమెరికాలో బిస్కెట్ ప్యాకెట్ల మీద గుండ్రంలో ‘యు’ అక్షరం కనిపించేది అదే. ఇక ఇంట్లో ఆ తనిఖీ అంతా తల్లిదే. గుడ్డు పగలగొట్టి నెత్తుటి చుక్క ఉందేమో చూడాలి. ఆకుకూర ఒక్కొక్క రేకూ తిప్పి పురుగు లేదని తేల్చుకోవాలి. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి కాబట్టి రొయ్యా పీతా గడప తొక్కవు. మేకపిల్లను తల్లిపాలలో ఉడికించవద్దని వాళ్ళ ధర్మగ్రంథం తోరాలో మూడుచోట్ల ఉన్న ఆజ్ఞ నుంచి, మాంసమూ పాలూ కలవకూడదన్న నియమం పెరిగింది. అందుకే రెండు జతల గిన్నెలు, రెండు జతల గరిటెలు, వీలైతే రెండు సింకులు. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి ఎక్కువ మంది 6 గంటలు ఆగుతారు. జర్మనీ మూలాలవాళ్ళకు 3, హాలెండ్ వాళ్ళకు 1. ఐస్‌క్రీమ్ కోసం ఏడ్చే పిల్లకు తను హాలెండ్‌లో పుట్టలేదని ఆ తల్లి సర్దిచెప్పడం నేను విన్నాను.

మనవాళ్ళు దీన్ని ‘వాళ్ళ మడి’ అంటారు. కొంత దగ్గరే. యూదులు కానివాళ్ళు వండినదాని విషయంలో పట్టింపులూ కొన్ని ఉన్నాయి. అయితే మడిలో శుద్ధి మనిషి ఒంటిది, కట్టిన బట్టది. ఇక్కడ లెక్క ఎక్కువగా పదార్థానిది, పాత్రది. మూడోసారి నేను కమలాపండ్లు తీసుకెళ్ళాను. పిల్లలు అక్కడికక్కడే వలిచి తినేశారు.

అపోహ: షబ్బాత్ అంటే ఏ పనీ చేయకుండా మూలన కూర్చునే రోజు.

నిషేధించిన పనులు 39 రకాలు. దున్నడం, నేయడం, రాయడం, నిప్పు వెలిగించడం వంటివి. జాబితా చూస్తే ఊపిరాడదు. వాళ్ళింట్లో కూర్చుంటే మాత్రం వేరే సంగతి. ఆవిడ గురువారం రాత్రే షబ్బాత్ రొట్టెకు పిండి కలుపుతుంది. హలా అనే ఆ రొట్టెను జడలా అల్లి, గుడ్డుసొన పూసి కాలుస్తారు. ఎక్కువ మంది పాటించే లెక్కలో పిండి 1.66 కిలోలు దాటితే, అల్లకముందు ప్రార్థన చెప్పి చిన్న ముద్ద తీసి పక్కన పెట్టాలి. ఒకప్పుడు అది యాజకుల వాటా. జెరూసలేం దేవాలయం క్రీ.శ. 70లో కూలిపోయింది కాబట్టి ఇప్పుడు దాన్ని ఎవరూ తినకుండా కాల్చేస్తారు. దాదాపు రెండు వేల ఏళ్ళుగా లేని గుడికి ఆవిడ వంటింటి గట్టు మీద నుంచి వాటా తీస్తూనే ఉంది.

శుక్రవారం బల్ల మీద రెండు రొట్టెలు, వాటి మీద కుట్టుపని చేసిన గుడ్డ. ముందు ద్రాక్షసారాయికి ప్రార్థన చెబుతారు కదా, తర్వాతి వంతు తనదని రొట్టె చిన్నబుచ్చుకోకుండా కప్పుతారని నాలుగేళ్ళవాడు నాకు వివరించాడు. పెద్దవాళ్ళు చెప్పే కారణాల్లో అదీ ఒకటేనట. తండ్రి పిల్లల తలల మీద చేయిపెట్టి ఒక్కొక్కరినీ దీవిస్తాడు. తర్వాత భార్య వైపు తిరిగి, సామెతల గ్రంథం చివర 22 చరణాల్లో హీబ్రూ అక్షరక్రమంలో సాగే గృహిణి స్తుతి పాడతాడు. అది సగంలో ఉండగా ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. సిగ్గుతో అనుకున్నాను. కాదు, సూప్ పొంగుతోందేమోనని.

నిప్పు వెలిగించకూడదు, వండకూడదు. కానీ ముందే వెలిగించిన వేడి పలక మీద ముందే వండిన కుండ ఉంచవచ్చు. చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంపలు, మాంసం కలిపి రాత్రంతా మగ్గే ఆ కూర పేరు చోలెంట్. పొద్దున్నే ఇల్లంతా దాని వాసన. ఇంటి బయట బరువు మోయకూడదని, బండి తోయకూడదని మరో నియమం ఉంది. మరి చంకలో బిడ్డ ఉన్న తల్లి గుడికి ఎలా వెళ్ళాలి? దానికే ఏరువ్. స్తంభాల మీదుగా ఊరి చుట్టూ తీగ తిప్పి, ఆ ప్రాంతాన్నంతా ఒక్క ఇంటి ఆవరణగా భావించే ఏర్పాటు. తీగ తెగిందేమోనని వారం వారం చూసుకుంటారు. అక్కడ వీధిలో నడిచే మనవాళ్ళు తల ఎత్తి చూసినా దాన్ని గుర్తుపట్టరు. ఆవిడకు మాత్రం శనివారం పొద్దుట గడప దాటగలిగేది దాని వల్లే. ప్రాణం మీదికి వస్తే ఇవేవీ అడ్డురావు. నొప్పులు మొదలైతే షబ్బాత్ నాడైనా కారెక్కి ఆసుపత్రికి పోవలసిందే. అది మినహాయింపు కూడా కాదు, విధి.

అపోహ: పెళ్ళయిన యూదు స్త్రీలందరూ గుండు చేయించుకుని విగ్గు పెట్టుకుంటారు.

ఎక్కువ మంది యూదు స్త్రీలు జుట్టు కప్పుకోనే కప్పుకోరు. గట్టి సంప్రదాయవాదుల ఇళ్ళల్లో పెళ్ళయ్యాక కప్పుకుంటారు. కొందరు రుమాలు, కొందరు టోపీ, కొందరు షైతెల్ అనే విగ్గు. గుండు చేయించుకునేది కొన్ని హసిదిక్ శాఖల్లోనే.

ఈ విగ్గుల కథలో మనమూ ఉన్నాం. 2004లో లండన్ నుంచి ఒక రబ్బై తిరుమల వచ్చి కళ్యాణకట్ట చూశాడు, తలనీలాలు ఇచ్చేవాళ్ళ మనసులో ఏముందో ఆరా తీశాడు. అక్కడి నుంచి వేలంలో అమ్ముడైన జుట్టు ఎన్నో చేతులు మారి విగ్గుల దుకాణాలకు చేరుతోంది. ఆ మే నెలలో జెరూసలేంలో అప్పటి పెద్ద పండితుడు యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ ఆ విగ్గులు వాడరాదని తీర్పు చెప్పాడు. అన్య దేవతకు అర్పించినదాని నుంచి ఏ లాభమూ పొందకూడదన్నది ఆయన ఆధారం. అందరు రబ్బైలూ ఒప్పుకోలేదు. అయినా బ్రూక్లిన్ వీధుల్లో, ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్‌లో ఆడవాళ్ళు విగ్గులు తెచ్చి మంటల్లో వేశారు. వందలూ వేల డాలర్లు పోసి కొనుక్కున్నవి. మన ఊళ్ళో ఒక తల్లి బిడ్డకు జబ్బు నయమైందని మొక్కు తీర్చుకుని ఇచ్చిన జుట్టు, సముద్రాల అవతల ఇంకో తల్లి భక్తితోనే కాల్చేసింది. మతాల మధ్య పోలికలు వెతికి సంబరపడేవాళ్ళు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలని నాకనిపిస్తుంది. ఇద్దరి నిష్ఠా నిజమే. ఇద్దరికీ పొత్తు కుదరదు.

అపోహ: ఆ మతంలో ఆడవాళ్ళకు చోటే లేదు. ఇంకొందరు చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసి: తల్లిదే రాజ్యం.

రెండూ సగం సగమే. సంప్రదాయ ధర్మంలో బిడ్డ యూదు అవునా కాదా అన్నది తల్లిని బట్టే తేలుతుంది. అమెరికాలోని రిఫార్మ్ శాఖ 1983 నుంచి తండ్రిని బట్టి కూడా ఒప్పుకుంటోంది. కానీ సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమందిలో ఆర్థడాక్స్ శాఖ ఆడవాళ్ళను లెక్కించదు. అంతకంటే పెద్ద బాధ విడాకులది. భర్త పత్రం ఇవ్వకపోతే భార్య మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అలా ఏళ్ళ తరబడి చిక్కుకుపోయినవాళ్ళకు ‘అగునా’ అని పేరే ఉంది. దీన్ని గొంతెత్తి అడుగుతున్నది ఆ ఇళ్ళలోని భక్తురాళ్ళే. జర్మనీలో రెజీనా యోనాస్ 1935లోనే రబ్బై అయింది. ఆమెను నాజీలు ఆష్విట్జ్‌లో చంపారు. అమెరికాలో తొలి మహిళా రబ్బై శాలీ ప్రీసాండ్, 1972లో.

అపోహ: యూదులంటే తెల్లవాళ్ళు.

ముంబైలో ఉండే తెలుగువాళ్ళు ఈ మాట అనకూడదు. కొంకణ తీరంలో శతాబ్దాలుగా ఉన్న బెనే ఇజ్రాయెల్ ఆడవాళ్ళు చీర కట్టుకుని, మరాఠీ మాట్లాడుతూ షబ్బాత్ పాటించారు. నూనె గానుగలు ఆడించే వాళ్ళ కులవృత్తిలో శనివారం గానుగ కట్టరు కాబట్టి వాళ్ళను ‘శనివార్ తేలీ’ అన్నారు. ద్రాక్షసారాయి దొరకనిచోట ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన షర్బత్‌తో ప్రార్థన జరిపారు. మాంసం కూరలో పెరుగుకు బదులు కొబ్బరిపాలు పోశారు. మలీదా అనే మొక్కుకు పళ్ళెంలో అటుకులు, కొబ్బరి, బెల్లం, పళ్ళు పెడతారు. ముంబైలో వాళ్ళ తొలి ప్రార్థనాలయం 1796 నాటిది.

ఇంకా దగ్గరికి రావాలంటే గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం ఉంది. బెనే ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే చిన్న దళిత సమూహం అక్కడ ఒక ప్రార్థనాలయం కట్టుకుని, తెలుగులో మాట్లాడుకుంటూ, హీబ్రూలో ప్రార్థిస్తోంది. తాము యూదులమన్న వాళ్ళ వాదనను ఇజ్రాయెల్ ఇంకా గుర్తించలేదు. వాళ్ళ మీద 2013లో పరిశోధన గ్రంథమే వచ్చింది. మనలో ఎక్కువ మందికి ఆ ఊరి పేరు తెలియదు.

హనుకా యూదుల క్రిస్మస్ అనేది ఇంకొకటి. కాదు. క్రీ.పూ. 164లో దేవాలయాన్ని తిరిగి శుద్ధి చేసుకున్న జ్ఞాపకం అది. ఎనిమిది రోజుల చిన్న పండుగ. క్రిస్మస్‌కు దగ్గర్లో పడడమే దాని పేరు మోగడానికి కారణం. నూనెలో వేయించినవి తినాలి కాబట్టి మన పిల్లలకు ఇట్టే నచ్చుతుంది.

చివరిగా, కథల్లో నవ్వించే ‘యూదు తల్లి’: తినమని ప్రాణం తోడేస్తుంది, తినకపోతే తన తప్పేనని ఏడుస్తుంది. 1964లో డాన్ గ్రీన్‌బర్గ్ అచ్చంగా దాని మీదే హాస్య పుస్తకం రాస్తే అమెరికా విరగబడి కొంది. నిజానికి తూర్పు యూరప్ పేదరికం నుంచి వచ్చి, అమెరికాలో పిల్లల్ని గట్టెక్కించిన ఆడవాళ్ళను, ఆ పిల్లలే పెద్దయ్యాక గీసిన వ్యంగ్యచిత్రం అది. తిండి విషయానికొస్తే, నాకు మూడుసార్లు వడ్డించాకే ఆవిడ కూర్చుంది. మా అమ్మ నాలుగుసార్లు అడుగుతుంది.

నేను చివరిదాకా తప్పుగా అనుకున్నది దీపాల సంగతి. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఆవిడ కొవ్వొత్తులు వెలిగిస్తుంది. అక్కడ డిసెంబరులో అది సాయంత్రం నాలుగుంబావుకే, జూన్‌లో ఎనిమిది దాటాక. వెలిగించి, చేతులతో వెలుగును మూడుసార్లు తనవైపు లాక్కున్నట్టు తిప్పి, అరచేతులతో కళ్ళు మూసుకుంటుంది. ధ్యానం అనుకున్నాను. అసలు కారణం ధర్మశాస్త్రంలోని ఒక పేచీ. ఇలాంటి విధికి ప్రార్థన ముందు చెప్పాలి. కానీ ఈ ప్రార్థన చెప్పేస్తే షబ్బాత్ మొదలైనట్టే, ఇంక అగ్గిపుల్ల గీయకూడదు. అందుకని ముందు వెలిగించి, కళ్ళు మూసి ఆ వెలుగును లేనట్టు చేసుకుని, ప్రార్థన చెప్పి, అప్పుడు కళ్ళు తెరుస్తారు. ఆ వెలుగు అప్పుడే కొత్తగా కనిపించాలి.

ప్రార్థన ఒక్క వాక్యం. ఆవిడ చేతులు మాత్రం అర నిమిషం దాటినా దిగలేదు. పెదాలు కదులుతున్నాయి. చివరివాడు కొంగు లాగినట్టు స్కర్టు పట్టుకుని లాగుతున్నాడు. తర్వాత అడిగాను, అంతసేపు ఏం కోరుకుంటారని.

“ఈ వారమా? పెద్దదాని లెక్కల పరీక్ష. వీడి దగ్గు. అమ్మ మోకాలు.” కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది: “ఇంకా, పలక మీద పెట్టిన కూర తెల్లారేసరికి అడుగంటకూడదని.”