ఈ నురగ ఎవరిది?

గజ్జల్లో వచ్చే ఒక రకం తామరకు వలస పాలన కాలంలో ఇంగ్లీషువారు ‘ధోబీ ఇచ్’ అని పేరు పెట్టారు. చాకలి ఉతికిన బట్టల వల్లే అది అంటుకుంటుందని వారి నమ్మకం. బట్ట కట్టుకున్నవాడి జబ్బుకు ఉతికినవాడి కులం పేరు! ఆ మాట నేటికీ వాడుకలో ఉంది. మరి ఉతికేవాళ్ల చేతులకు వచ్చే జబ్బు పేరేమిటి? మా అమ్మ చేతులు చూసిన నాటి నుంచి ఈ ప్రశ్న నన్ను వెంటాడుతోంది. వేళ్ల సందులు పాసి తెల్లబడేవి, అరచేతులు పగిలేవి. కారం మెతుకు కలపాలంటే ఆమెకు చెంచా కావలసివచ్చేది. ఊళ్లో దాన్నెవరూ జబ్బు అనలేదు. చాకలిదాని చేతులంటే అంతే అన్నారు.

మా నాయనమ్మ కాలంలో చవుడు, కుంకుడుకాయ, బూడిద ఉండేవి. రేవు పక్కన బానలో బట్టలు ఉడికించేవారు. ఆ కాలం చల్లనిదని నేను అనను. చవుడులో ఉన్నదీ సోడా క్షారమే. బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం చర్మాన్ని పొక్కించేది. అయితే ఏది ఎంత వేయాలో, ఏ బట్టకు ఎంత వేడి తగులాలో మావాళ్లకు తెలుసు. అది రసాయన విజ్ఞానమే, కాకపోతే దానికి ఆ గౌరవం దక్కలేదు.

పొట్లంలో పొడి వచ్చాక ఆ ఎరుక తెగిపోయింది. ఆ పొడిలో ప్రధానమైనది పెట్రోలియం నుంచి తీసే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్. అది బట్ట మీది జిడ్డుతో పాటు చర్మంలోని సహజమైన నూనెనూ లాగేస్తుంది. సోడా క్షారం ఆ గాయాన్ని పెంచుతుంది. మరకలు తీసే ఎంజైముల పొడి పీల్చిన ఫ్యాక్టరీ కార్మికులకు ఉబ్బసం వస్తోందని 1969లో బ్రిటన్ వైద్యులు నమోదు చేశారు. తర్వాత ఆ ఎంజైములకు పూత వేసి గుళికలుగా మార్చారు. అక్కడ కార్మికుడికి యజమాని ఉన్నాడు, పరీక్షించే వైద్యుడు ఉన్నాడు. రేవులో ఆ ఇద్దరూ లేరు.

ఇక నీటి సంగతి. 1950లలో తొలితరం డిటర్జెంట్లు నీటిలో విచ్ఛిన్నం కాక యూరప్, అమెరికా నదులు నురగ కట్టాయి. ఆ తర్వాత లీనియర్ రకం వచ్చింది. అదీ ప్రాణవాయువు ఉన్న నీటిలోనే సులువుగా విరుగుతుంది. మురుగు నిండిన మన చెరువుల్లో ఆ ప్రాణవాయువు ఎక్కడుంది? డిటర్జెంటు ఫాస్ఫేటులు నాచుకు ఎరువవుతాయి. నాచు కుళ్లి, ఉన్న కాస్త ప్రాణవాయువునూ హరిస్తుంది. ఇళ్లలో వాడే బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫరస్‌కు యూరోపియన్ యూనియన్ 2013 నుంచి కఠినమైన పరిమితి విధించింది.

బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరింది. అది రేవుల నుంచి పుట్టిన నురగ కాదు. నగరం వదిలిన మురుగు నుంచి పుట్టింది. కానీ మా పట్టణంలో చెరువును బాగుచేస్తామన్నప్పుడు మొదట లేచిపోయినవి రేవు బండలు. ‘నీళ్లు పాడు చేస్తున్నారు’ అన్నారు. వందల ఇళ్ల వాషింగ్ మెషీన్ల నీరు తెచ్చే కాలువ మాత్రం నేటికీ అదే చెరువులో పడుతోంది. మైల మోసేవాడినే మైలకు కారకుడనడం కుల సమాజానికి కొత్తేమీ కాదు. ఇప్పుడది పర్యావరణ భాష నేర్చుకుంది.

తెలంగాణలో 2021లో ధోబీఘాట్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ప్రకటించారు. మంచిదే. కానీ ఆ విద్యుత్తు చేతుల పుండ్లను మాన్పదు. పొట్లం మీద ఏ రసాయనం ఎంత ఉందో తెలుగులో రాయాలి. ఫాస్ఫేటుకు చట్టబద్ధమైన హద్దు ఉండాలి. రేవులకు మంచినీటి కుళాయిలు, మురుగు శుద్ధి తొట్లు కట్టాలి. ఉతికే చేతుల జబ్బును వృత్తి వ్యాధిగా గుర్తించి, చికిత్స, పరిహారం ఇవ్వాలి.

పక్కవాడి గజ్జల తామరకు మా పేరు పెట్టగలిగిన లోకానికి, మా అమ్మ చేతుల జబ్బుకు ఒక పేరు పెట్టడం కష్టమా?