డోర్నకల్: స్నేహం అడిగిన బిషప్ కట్టిన దేవాలయం

విజయవాడ నుంచి కాజీపేట వెళ్లే దారిలో డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం లైను అక్కడే చీలుతుంది. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఈ చిన్న ఊరి పేరు వినగానే తెలుగు క్రైస్తవులకు గుర్తొచ్చేది ఎపిఫనీ కతీడ్రల్. మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, వాటన్నిటి మీదా సిలువ. దాదాపు పాతికేళ్లపాటు కట్టిన ఆ మందిరాన్ని 1939లో ప్రతిష్ఠించారు. మన సంఘంలో కొన్ని కుటుంబాల తాతముత్తాతలు బాప్తిస్మం పొందింది ఆ అధ్యక్ష మండలం పల్లెల్లోనే. అందుకే ఈ సంచికలో దాని గురించి రాయాలనిపించింది.

కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కాదు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పల్లె పాస్టరు గారి ఇంట పుట్టారు. 1903లో తోటివారితో కలిసి అక్కడ మొదలుపెట్టిన మిషనరీ సొసైటీకి డబ్బూ మన దేశానిదే, మనుషులూ మన దేశస్థులే. ఆ సొసైటీ పక్షాన 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు. ఎక్కడో తమిళ పల్లెల విశ్వాసులు ఇచ్చిన కానుకలతో మన పూర్వీకులకు సువార్త అందిందన్నమాట. ఊరికి దూరంగా ఉండి చందాలు పంపే మనం ఈ సంగతి మరచిపోకూడదు.

మరుసటి ఏడాదే, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్లదొరల నిండు సభలో అజరయ్య గారు లేచి మిషనరీల త్యాగాన్ని మనసారా మెచ్చుకున్నారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని అడిగారు. సాయం చేసే చెయ్యి సాటిమనిషిని తనతోపాటు కూర్చోబెట్టుకోకపోతే అక్కడ ప్రేమ లేనట్టేనని ఆయన భావం. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

దొరలను అడిగిన స్నేహాన్నే ఆయన తన సంఘస్థుల నుంచీ కోరారు. విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వారు. ఒకరి ఇంట ఒకరు తినని రోజులవి. ప్రభువు బల్ల దగ్గర మాత్రం ఒకే రొట్టె, ఒకే పాత్ర. సంఘంలో కులానికి చోటు లేదని ఆయన పట్టుబట్టారు. నా దృష్టిలో కతీడ్రల్ కన్నా కష్టమైన కట్టడం ఇదే. భార్య అన్బు మరియమ్మాళ్ గారు పల్లె స్త్రీల మధ్య చేసిన సేవ చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

కట్టడం అంటే గుర్తొచ్చేది బండ మీద ఇల్లు కట్టినవాడి ఉపమానం. అది మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎక్కడ కట్టాడో మత్తయి చెబుతాడు. లూకా ఇంకొక మాట చేరుస్తాడు: ఆ మనిషి లోతుగా తవ్వాడు. తవ్వేటప్పుడు పైకి ఏమీ కనబడదు, ఎవరూ మెచ్చుకోరు. కొండమీది ప్రసంగంలోనే, సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. సమాధానం ముందు, అర్పణ తరవాత. ఈ వరుసను మనం తిరగేశాం. పాటలకూ ప్రార్థనలకూ కొదవ లేదు. కానీ సంఘ ఎన్నికల్లో మాటామాటా పెరిగి విడిపోయిన సహవాసాలు, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కులం, కట్నం అడిగే కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. పునాది అక్కడే కదులుతోంది.

వేర్వేరు శాఖల సంఘాలు ఒకటి కావాలని 1919 నుంచీ ముందు నిలిచి శ్రమించిన అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. చూడటానికి ఆయన లేరు.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పిల్లల్ని డోర్నకల్ తీసుకెళ్లండి. అంతకన్నా ముందు, మాటలు మానేసిన సహోదరుడో సహోదరో ఎవరైనా ఉంటే ఈ వారమే ఫోన్ చేయండి. వచ్చే బల్ల ఆదివారం దాకా ఆగకండి.