పాతబడిందని ఎలా తెలుస్తుంది?

వెబ్‌సైటులో సమాచారం మారినా మన తెర మీద పాతదే కనిపిస్తుంటే, తెలిసినవాళ్లు చెప్పే మొదటి చిట్కా ‘క్యాచీ క్లియర్ చెయ్యి’ అని. అదేదో ఫోన్‌లో పేరుకున్న చెత్త అని చాలామంది అనుకుంటారు. నిజానికి కంప్యూటర్ శాస్త్రంలో పుట్టిన గొప్ప ఆలోచనల్లో క్యాచీ ఒకటి.

1960లలో ప్రాసెసర్ల వేగం పెరుగుతూ వచ్చింది. వాటికి సమాచారం అందించే మెమరీ మాత్రం వెనకబడింది. వేగంగా పనిచేసే మెమరీ ఉన్నా దాని ధర చాలా ఎక్కువ. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ 1965లో రెండే పేజీల పరిశోధన పత్రంలో దీనికి దారి చూపారు. నెమ్మదైన పెద్ద మెమరీకి తోడుగా వేగమైన చిన్న మెమరీని పెట్టి, ఇటీవల వాడినవాటి నకళ్లను అందులో ఉంచాలన్నారు. ఇప్పుడు వాడినది కాసేపట్లో మళ్లీ అవసరమయ్యే అవకాశమే ఎక్కువ. పోపుల డబ్బాను పొయ్యి పక్కనే పెట్టుకోవడంలోని తర్కమూ ఇదే. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85 కంప్యూటర్‌తో ఈ పద్ధతి మార్కెట్‌లోకి వచ్చింది. అందులోని క్యాచీ, అంటే ఆ చిన్న మెమరీ, 16 కిలోబైట్లతో మొదలైంది.

వెబ్ వచ్చాక ఇదే ఆలోచన బ్రౌజర్‌లోకి చేరింది. ఒకసారి దిగిన బొమ్మలను, ఫైళ్లను మన పరికరంలోనే దాచుకుంటే మళ్లీ సముద్రాల అవతలి నుంచి తెచ్చుకోనక్కర్లేదు. అయితే ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. అసలు ఫైలు ఎవరిదో సర్వర్‌లో ఉంటుంది. అది మారితే బ్రౌజర్‌కు కబురు రాదు. దాచుకున్న నకలు పాతబడిందని తెలిసేదెలా?

దీనికి వెబ్ నియమావళి హెచ్‌టీటీపీలో జవాబు వెతికారు. 1996 నాటి 1.0 రూపంలోనే ఫైలుకు గడువు తేదీ ఉంది. గడువు తీరితే ‘ఫలానా తేదీ తర్వాత ఇది మారిందా?’ అని బ్రౌజర్ అడగవచ్చు. మారకపోతే సర్వర్ 304 అనే సంకేతం పంపి ఊరుకుంటుంది. ఫైలును మళ్లీ పంపదు. 1997లో వచ్చిన 1.1 ఈ ఏర్పాటుకు పదునుపెట్టి, గడువును సెకన్లలో చెప్పే వీలు కల్పించింది. సర్వర్ గడువేమీ చెప్పకపోతే బ్రౌజర్ అంచనా వేసుకుంటుంది. ఫైలు మారి ఎంతకాలమైందో అందులో పదో వంతు వరకు తాజాదనుకోవడం వాడుకలో ఉన్న లెక్క. పది రోజుల క్రితం మారిన పేజీని ఒక రోజు నమ్ముతుందన్నమాట.

క్యాచీకి మరో బలహీనత కూడా ఉంది. ఒక ఫైలు ఎంత త్వరగా తెరుచుకుందో కొలిచి, మీరు ఇంతకుముందు ఏ సైటు చూశారో మరో సైటు పసిగట్టగలదని 2000లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఎడ్వర్డ్ ఫెల్టెన్, మైకేల్ ష్నైడర్ చూపించారు. అందుకే 2020లో క్రోమ్ ఏ సైటు క్యాచీని ఆ సైటుకే విడగొట్టింది. కొంత వేగం తగ్గినా గోప్యత మెరుగుపడింది.

పాత పేజీ కనిపిస్తే కంప్యూటర్‌లో ముందు కంట్రోల్, ఎఫ్5 మీటలు కలిపి నొక్కండి. దాచిన నకలును పక్కనపెట్టి బ్రౌజర్ ఆ ఒక్క పేజీని కొత్తగా తెస్తుంది. అప్పటికీ కుదరకపోతే క్యాచీలోని బొమ్మలు, ఫైళ్లు మాత్రమే తుడవండి. లాగిన్‌ను గుర్తుంచుకునే కుకీలు కూడా తుడిస్తే ప్రతి సైటులోనూ మళ్లీ లాగిన్ కావాలి. ఇతరులు వాడే కంప్యూటరైతే లేచేముందు రెండూ తుడవాల్సిందే. సొంత ఫోన్‌లో రోజూ తుడిస్తే మాత్రం అన్నీ మళ్లీ డౌన్‌లోడ్ అయి డేటా ఖర్చవుతుంది, పేజీలూ నెమ్మదిస్తాయి.

అసలు మందు సైటు తయారుచేసేవాళ్ల చేతిలో ఉంది. ఫైలు మారినప్పుడల్లా దానికి కొత్త పేరు పెడితే పాత నకలు అడ్డురాదు. అప్పుడు గడువు ఏడాది ఇచ్చినా ఇబ్బంది లేదు. వాడేవాళ్లందరినీ క్యాచీ తుడవమనే బదులు సైటు నడిపేవాళ్లు ఈ కాస్త శ్రద్ధ చూపడమే న్యాయం.