ఒక్కొక్కరిది ఒక్కొక్క స్వభావం – సంఘ సేవలో నాయకత్వం



సంఘానికి కొత్త పాస్టరు గారు వచ్చిన కొన్ని నెలలకు ఒక మాట వినబడుతుంది. "పాత అయ్యగారు ఇంటింటికీ వచ్చేవారు, ఈయన రావడం లేదు" అని కొందరు అంటారు. "ఈయన వచ్చాకే కానుకల లెక్కలు సరిగా ఉన్నాయి" అని మరికొందరు అంటారు. ఇద్దరు అయ్యగార్ల భక్తిలో లోపం ఉండకపోవచ్చు. తేడా వారి స్వభావంలో ఉంది. ఈ సంగతి తెలియనందువల్ల కొన్ని సంఘాలు రెండు వర్గాలు అవుతున్నాయి. మంచి సేవకులు మనసు విరిగి వెళ్లిపోతున్నారు. కొందరు ఆరోగ్యం కూడా పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ విషయం మన ఆరోగ్య పత్రికలో రాస్తున్నాను.

నాలుగు రకాలు అనే మాట ఎక్కడిది?

పూర్వపు గ్రీకు వైద్యులు శరీరంలో రక్తం, పసుపు పిత్తం, నల్ల పిత్తం, కఫం అని నాలుగు రసాలు ఉన్నాయని నమ్మేవారు. ఏ రసం ఎక్కువైతే మనిషి ఆ స్వభావం కలవాడవుతాడని అనుకునేవారు. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుని రాతల ద్వారా ఈ ఆలోచన బాగా వ్యాపించింది. మన ఆయుర్వేదంలో వాత, పిత్త, కఫ ప్రకృతులు చెప్పినట్టే ఇదీ ఒక పద్ధతి. రసాల వల్ల స్వభావం వస్తుందన్నది నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. అయినా ఆ నాలుగు పేర్లు మిగిలిపోయాయి. 1966లో అమెరికా పాస్టరు టిమ్ లాహే రాసిన పుస్తకం వల్ల క్రైస్తవ కుటుంబాల్లో అవి మరింత ప్రచారమయ్యాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్వభావం బ్లడ్ గ్రూపు లాంటిది కాదు, మనిషి ఎత్తు లాంటిది. బ్లడ్ గ్రూపు ఎ, బి అని విడివిడిగా ఉంటుంది. ఎత్తు మాత్రం కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, చాలామందికి మధ్యస్థం. అందుకే నేటి మానసిక శాస్త్రజ్ఞులు మనుషులను నాలుగు గదుల్లో పెట్టరు. కలుపుగోలుతనం, దయ, క్రమశిక్షణ, కొత్తదనం మీద ఆసక్తి, మనసు నిలకడ ఎవరిలో ఎంత ఉన్నాయో కొలుస్తారు. కాబట్టి క్రింది నాలుగు రకాలను మనల్ని మనం చూసుకునే అద్దంగా వాడుకుందాం. ఇతరుల మీద అతికించే చీటీగా వాడవద్దు.

సేవలో ఈ స్వభావాలు ఎలా కనబడతాయి?

1. ఉల్లాస స్వభావం. దీన్ని శాంగ్విన్ అంటారు. ఈ నాయకులు కొత్తగా వచ్చిన కుటుంబాన్ని రెండవ వారానికే పేరు పెట్టి పలకరిస్తారు. యవ్వనస్థుల కూడిక వీరి వల్ల నిండుతుంది. అయితే మాట ఇచ్చి మరచిపోతారు, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తారు. పేతురును చూడండి. అందరికంటే ముందు మాట్లాడింది అతడే, పడవ దిగి నీళ్ల మీద అడుగు వేసింది అతడే. గొప్ప మాట ఇచ్చి, ఆ రాత్రే మూడుసార్లు ఎరుగనన్నది కూడా అతడే. ఇలాంటి వారి ప్రక్కన తేదీలు, పనులు గుర్తుచేసే సెక్రటరీ ఉండాలి.

2. కార్యదక్ష స్వభావం. దీన్ని కోలరిక్ అంటారు. గుడి కట్టాలన్నా, వరద బాధితులకు బియ్యం పంచాలన్నా వీరు ముందుంటారు. అయితే ఎవరినీ అడగకుండా నిర్ణయం చేస్తారు. ఎదురు చెప్పిన వారిని సేవకు అడ్డుపడే వారిగా చూస్తారు. తమ భోజనం, నిద్ర కూడా లెక్కచేయరు. ఇలాంటి వారికి భయపడకుండా నిజం చెప్పే ఒకరిద్దరు పెద్దలు కావాలి.

3. లోతుగా ఆలోచించే స్వభావం. దీన్ని మెలాంకలిక్ అంటారు. వీరు ప్రసంగం కష్టపడి సిద్ధపడతారు. రోగి మంచం దగ్గర మాట్లాడకుండా గంటసేపు కూర్చోగలరు. లెక్కలు పైసాతో సహా రాస్తారు. అయితే ఒక్క విమర్శ వింటే వారం రోజులు నిద్రపోరు. వేరొకరు చేసిన పని వీరికి ఒక పట్టాన నచ్చదు. వీరికి చేసిన మేలును నోటితో చెప్పే వారు కావాలి.

4. నెమ్మది స్వభావం. దీన్ని ఫ్లెగ్మాటిక్ అంటారు. కొట్లాడుకునే రెండు కుటుంబాలను కూర్చోబెట్టి కలపగలరు. ఎవరు ఎంత కోపంగా వచ్చినా చల్లబడి వెళ్తారు. అయితే కఠినమైన నిర్ణయం వచ్చేసరికి "చూద్దాం లెండి" అంటారు. చీము పట్టిన పుండును శుభ్రం చేయకుండా కట్టు మీద కట్టు కట్టినట్టు ఉంటుంది. నిర్ణయానికి ఒక తేదీ పెట్టే కమిటీ వీరికి తోడుండాలి.

మనలో చాలామందిమి రెండు మూడు రకాల కలయిక. అంతేకాదు, ఇంట్లో ఒకలాగా, బాధ్యతలో మరొకలాగా ఉంటాం. వార్డులో నెమ్మదిగా ఉండే సిస్టరు, రోగి పరిస్థితి విషమించినప్పుడు చకచకా ఆజ్ఞలివ్వడం మేము తరచుగా చూస్తాము. స్వభావం మన మొగ్గు మాత్రమే. అవసరాన్ని బట్టి వేరుగా నడుచుకోవడం నేర్చుకోవచ్చు.

స్వభావాలు ఢీకొన్నప్పుడు

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో పౌలు, బర్నబాల మధ్య వచ్చిన వివాదం మీకు తెలుసు. మొదటి ప్రయాణంలో మధ్యలో తిరిగి వెళ్లిపోయిన మార్కును మళ్లీ తీసుకువెళ్లాలా వద్దా అన్నదే తగవు. పౌలు పనిని చూశాడు, బర్నబా మనిషిని చూశాడు. ఇద్దరూ విడిపోయారు. అయితే కథ అక్కడ ఆగలేదు. బర్నబా ఆ యువకుణ్ణి వెంటబెట్టుకొని వెళ్లాడు. చాలా కాలం తర్వాత చెరసాలలో ఉన్న పౌలు, మార్కు తనకు ఉపయోగపడతాడు కాబట్టి తీసుకురమ్మని తిమోతికి రాశాడు. సేవకు పౌలు పట్టుదల కావాలి. తప్పిపోయిన వారికి బర్నబా కావాలి.

మన తెలుగు ప్రాంతపు చరిత్రలో కూడా ఇలాంటి జత ఉంది. 1849లో నెల్లూరు వచ్చిన బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దొరగారు కొద్దిపాటి ఫలితంతోనే ఏండ్ల తరబడి ఓపికగా పనిచేశారు. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద కొద్దిమందితో ప్రార్థన చేశారు. 1862లో ఆ మిషను మూసివేయాలన్న మాట వచ్చినప్పుడు, తాను తిరిగి వెళ్లి తీరుతానని నిలబడ్డారు. ఆయనతో కలిసి 1865లో జాన్ క్లౌ దొరగారు వచ్చారు. ఈయన అంతకుముందు సర్వేయరు పని చేసినవారు, కార్యదక్షులు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని కల్పించారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జనం ఆ సంఖ్యను గుర్తుంచుకుంటారు. కానీ జూయెట్ దొరగారి ఓపిక లేకపోతే క్లౌ దొరగారు వచ్చేసరికి అక్కడ మిషనే ఉండేది కాదు.

నాయకుని ఆరోగ్యం

మోషే ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే తీర్పులు తీరుస్తూ కూర్చోవడం అతని మామ యిత్రో చూశాడు. ఇలాగైతే నీవూ నలుగుతావు, ప్రజలూ నలుగుతారన్న భావంతో మందలించాడు. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి వేరువేరు నాయకులను పెట్టమని సలహా ఇచ్చాడు. ఏలీయా కర్మెలు కొండ మీద గొప్ప విజయం చూసి, తర్వాత చావు కోరుకుంటూ చెట్టు క్రింద పడుకున్నాడు. అప్పుడు అతనికి దేవుడు మొదట ఇచ్చినది ప్రసంగం కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర. నర్సుగా ఆ వరుస నాకు చాలా ఇష్టం.

కార్యదక్షులు బి.పి. చూపించుకోరు, మందులు మానేస్తారు. లోతుగా ఆలోచించే వారు దిగులును "నా విశ్వాసం తక్కువ" అనుకొని దాచిపెడతారు. ఉల్లాసంగా ఉండే వారు బయట నవ్వుతూ, ఇంట్లో కుప్పకూలుతారు. నెమ్మదిగా ఉండే వారు కోపాన్ని మింగుతారు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఇష్టం లేకపోయినా డాక్టరు గారిని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించుకోండి.

సంఘస్థులుగా మనం చేయగలిగినవి

• మన పాస్టరు గారికి లేని వరాన్ని లెక్కపెట్టడం మాని, ఆ పని చేయగల వారిని సంఘంలో వెదకండి. ఆయన ఇండ్లకు వెళ్లలేకపోతే స్త్రీల సమాజం వారు వెళ్లవచ్చు.
• కమిటీకి ఎన్నుకునేటప్పుడు ఒకే స్వభావం గల వారిని నింపకండి. తొందరపడే వారితో పాటు నిదానించే వారు కూడా ఉండాలి.
• వారానికి ఒక రోజు మీ సేవకుల కుటుంబాన్ని విశ్రాంతి తీసుకోనివ్వండి. అత్యవసరం కాని పని ఏదైనా మరునాటికి ఆగుతుంది.
• "నా స్వభావమే అంత" అని ఎవరూ తప్పించుకోకూడదు. కోపంగా మాట్లాడిన వారు క్షమాపణ అడగాలి. మాట ఇచ్చిన వారు నెరవేర్చాలి.

శరీరానికి కన్ను, చెయ్యి, పాదము అన్నీ కావాలని పౌలు కొరింథీయులకు వివరించాడు. కన్ను నడవలేదని ఎవరూ దాన్ని తప్పుపట్టరు. మన నాయకుల విషయంలో కూడా అదే న్యాయం పాటిద్దాం. ఈ వారం మీ అయ్యగారిని, అమ్మగారిని కలిసినప్పుడు వారి ఆరోగ్యం ఎలా ఉందో ఒక్క మాట అడగండి. ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను దీవించును గాక.