సంఘం కంప్యూటరు మందగిస్తే: చేతితో సరిచేయుటా, సాఫ్ట్‌వేరుకు అప్పగించుటా?

సభ్యులు ఉదయం, సాయంత్రం పోసే పాల పరిమాణం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. నమోదు చేసి చీటీ ఇచ్చే పని నేడు పెక్కు సంఘాలలో కంప్యూటరు చేస్తున్నది. తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం, చీటీ ముద్రించే ప్రింటరు దానికి తీగలతో కలుపబడి ఉంటాయి. కార్యదర్శి సభ్యుని నంబరు నొక్కగానే మిగిలిన లెక్క అంతా తానే వేసుకుంటుంది. క్రొత్తలో చురుకుగా నడిచిన కంప్యూటరు కొన్నేళ్ళకు మందగించుట మామూలే. అప్పుడు సంఘం ముందు రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది, కంప్యూటరులోని సెట్టింగులను, అనగా లోపలి అమరికలను, ఒక్కొక్కటిగా చూచి చేతితో సరిచేసుకొనుట. రెండవది, "ఒక్క మీట నొక్కితే చాలు, వేగం పెరుగుతుంది" అని చెప్పే సాఫ్ట్‌వేరును తెచ్చి దానికి అప్పగించుట. ఈ రెండింటిలో ఏది మేలు, ఎందుకు మేలు అన్నది ఇక్కడ వివరించడమైనది.

ఆలస్యం ఖరీదు

ఒక పూటకు 120 మంది పాలు పోసే సంఘాన్ని ఉదాహరణగా తీసుకొందాము. ఒక్కొక్కరికి 20 సెకండ్లు పడితే సేకరణ 40 నిమిషాలలో ముగుస్తుంది. కంప్యూటరు మందగించి 45 సెకండ్లు పడితే 90 నిమిషాలు అవుతుంది. అనగా మొదట పోసిన పాలు మరి 50 నిమిషాలు వెచ్చగానే ఉండిపోతాయి. పచ్చిపాలను ఎంత త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లార్చితే అంత మంచిది. వేసవిలో సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెంది పాల పులుపు పెరుగుతుంది. అటువంటి పాలు శీతలీకరణ కేంద్రం వద్ద తిరస్కరింపబడితే నష్టం సంఘానికే.

రెండవ నష్టం ఇంతకంటె సున్నితమైనది. కంప్యూటరు మధ్యలో ఆగితే అంకెలను కాగితంపై వ్రాసి, తరువాత ఎక్కించవలసి వస్తుంది. ఆ తొందరలో ఒకరి వెన్న శాతం మరొకరి నంబరు క్రింద పడితే పక్షం బిల్లులో తేడా వస్తుంది, సభ్యునికి సంఘంపై నమ్మకం సడలుతుంది. కనుక ఇది కేవలం కార్యదర్శి గదిలోని విషయం కాదు, ప్రతి సభ్యుని డబ్బుకు సంబంధించిన విషయం.

మందగించుటకు కారణాలు

1. కంప్యూటరు తెరవగానే మనం అడగకుండానే మొదలయ్యే ప్రోగ్రాములు ఎక్కువ కావడం. ఇవి తెర వెనుక ఉండి పని పంచుకొంటాయి.

2. డిస్కు నిండిపోవడం, లేదా అది పాతకాలపు తిరిగే హార్డుడిస్కు కావడం. ఇందులో పళ్ళెం తిరుగుతూ ఉంటే ముల్లు వంటి భాగం కదిలి సమాచారం వెదకాలి. క్రొత్త ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలు లేవు కనుక వెదకులాట ఉండదు.

3. ర్యామ్, అనగా పని చేసేటప్పుడు వాడుకొనే జ్ఞాపకశక్తి, చాలకపోవడం. విండోస్ 11కు కనీసం 4 జి.బి. ఉండాలని దానిని తయారుచేసిన మైక్రోసాఫ్ట్ సంస్థే నిర్ణయించినది. కనీసం అంటే నడుస్తుందని మాత్రమే అర్థం, హాయిగా నడుస్తుందని కాదు.

4. దుమ్ము, వేడి. ఫ్యానుకు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే ప్రాసెసరు వేడెక్కుతుంది. అది కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దాణా మూటల ప్రక్కన పెట్టిన కంప్యూటరుకు ఇది తప్పదు.

5. వైరసులు.

ఈ అయిదింటిలో మొదటిదానిని, రెండవదానిలో కొంత భాగాన్ని మాత్రమే వేగం పెంచే సాఫ్ట్‌వేరు సరిచేయగలదు. చాలని ర్యామ్‌ను అది పెంచలేదు, దుమ్మును తుడవలేదు, పాత డిస్కును క్రొత్తది చేయలేదు. వైరసులకు వేరే రక్షణ కలదు.

ఆ సాఫ్ట్‌వేరు చేసే పనులు

ముఖ్యంగా మూడు పనులు చేస్తానని అది చెబుతుంది. మొదటిది రిజిస్ట్రీని శుభ్రం చేయడం. రిజిస్ట్రీ అనేది విండోస్ తన అమరికలన్నీ వ్రాసిపెట్టుకొనే పెద్ద పద్దుపుస్తకం వంటిది. అందులో పాత ప్రోగ్రాముల పద్దులు కొన్ని మిగిలి ఉండుట నిజమే. కాని లక్షల పద్దులున్న పుస్తకంలో కొన్ని వందల పాత వరుసలు తీసివేసినందున వేగం పెరగదు. పొరపాటున అవసరమైన పద్దు కొట్టివేస్తే మాత్రం ప్రోగ్రాము తెరుచుకొనదు. ఇటువంటి రిజిస్ట్రీ శుభ్రపరచే సాఫ్ట్‌వేర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించి యున్నది.

రెండవది ర్యామ్‌ను ఖాళీ చేయడం. మళ్ళీ అవసరం పడవచ్చునన్న సమాచారాన్ని విండోస్ ఖాళీ ర్యామ్‌లో ముందుగా చేర్చి ఉంచుకుంటుంది. వంటింట్లో చేతికి అందేచోట డబ్బాలు పెట్టుకున్నట్లే ఇది. దానిని బలవంతంగా ఖాళీ చేస్తే తెరపై అంకె బాగుంటుంది గాని, అదే సమాచారాన్ని మళ్ళీ డిస్కు నుండి తెచ్చుకొనుటకు ఎక్కువ సమయం పడుతుంది.

మూడవది తాత్కాలిక ఫైళ్ళను తీసివేయడం. ఇది ఉపయోగమే. కాని ఈ పని చేసే సాధనం విండోస్‌లోనే ఉన్నది, దానికి వేరే డబ్బు చెల్లించనవసరం లేదు.

ఇక నమ్మకం సంగతి. అమెరికాలో ఆఫీస్ డిపో అనే దుకాణాల సంస్థ వినియోగదారుల కంప్యూటర్లను ఉచితంగా పరీక్షించి, వైరసు లక్షణాలు కనిపించినవని చెప్పి మరమ్మతు సేవలు అమ్మినది. ఆ పరీక్ష మొదలుపెట్టే ముందు "కంప్యూటరు నెమ్మదిగా ఉన్నదా?" వంటి నాలుగు ప్రశ్నలు ఉండేవి. వాటిలో ఒక్కదానికి అవునని గుర్తు పెట్టినా, పరీక్షలో ఏమి తేలినదన్నదానితో సంబంధం లేకుండా, వైరసు లక్షణాలు ఉన్నట్లు ఫలితం వచ్చేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించినది. 2019లో ఆఫీస్ డిపో, ఆ సాఫ్ట్‌వేరు అందించిన సపోర్ట్.కామ్ కలిసి మూడున్నర కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినవి.

పేరున్న సాఫ్ట్‌వేరు అయినా జాగ్రత్త అవసరమే. 2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధమైన శుభ్రపరచే సాఫ్ట్‌వేరు 5.33వ రూపంలో దుండగులు రహస్యంగా హానికర భాగాన్ని చొప్పించారు. సంగతి బయటపడేలోగా అది 22 లక్షలకు పైగా కంప్యూటర్లలో చేరినది. తయారీదారులు తరువాత సరిచేసినారు. కాని కంప్యూటరంతటిపై అధికారం ఇచ్చిన ప్రోగ్రాము దారి తప్పితే నష్టం ఎంత విస్తారమో దీనివలన తెలుస్తున్నది.

పాల కేంద్రం కంప్యూటరు ప్రత్యేకత

ఇంటి కంప్యూటరుకు, మన కంప్యూటరుకు ఒక భేదం కలదు. పాల పరీక్ష యంత్రం పంపే అంకెలు కామ్ పోర్టు అనే మార్గం గుండా వస్తాయి. ఆ మార్గానికి ఒక నంబరు, ఒక వేగం ఉంటాయి. ఆ వేగాన్నే బాడ్ రేటు అంటారు. యంత్రంలోను, ప్రోగ్రాములోను ఇవి సమానంగా ఉండాలి. లేకుంటే వెన్న శాతం రాదు, లేదా అర్థం కాని గుర్తులు వస్తాయి. పాల లెక్కలు దాచే డేటాబేసు కూడా తెర వెనుక ఎల్లప్పుడూ నడుస్తూ ఉండవలెను.

వేగం పెంచే సాఫ్ట్‌వేరుకు ఈ సంగతులేవీ తెలియవు. తెర వెనుక నడిచే డేటాబేసు దాని కంటికి అనవసరపు బరువుగా కనబడవచ్చును. దానిని నిలిపివేస్తే మరునాటి ఉదయం క్యాన్లతో జనం నిలబడి ఉండగా ప్రోగ్రాము తెరుచుకోదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

చేతితో చేయుటలోను ప్రమాదం కలదు

చేతితో చేసినదంతా మంచిదని అనుకొనరాదు. ఫోనులో వీడియో చూచి రిజిస్ట్రీలో అంకెలు మార్చడం, విండోస్ అప్‌డేట్లు పూర్తిగా ఆపివేయడం, పేరు తెలియని సర్వీసులను వరుసగా ఆపడం సాఫ్ట్‌వేరు చేసే పొరపాట్ల వంటివే. ఒకేసారి పది మార్పులు చేస్తే దేనివలన మేలు జరిగినదో, దేనివలన చెడినదో తెలియదు. గేదెకు దాణా, మేత, మందు ఒకే రోజు మార్చి పాలు తగ్గితే కారణం ఎట్లు తెలియును? ఇదీ అంతే.

పాటించవలసిన వరుస

1. ముందుగా పాల లెక్కల నకలు పెన్‌డ్రైవులో తీసి, తేదీ వ్రాసి, కంప్యూటరుకు దూరంగా భద్రపరచవలెను.

2. కామ్ పోర్టు నంబరు, బాడ్ రేటు, ప్రింటరు పేరు, అమలులో ఉన్న ధరల పట్టిక తేదీ ఒక పుస్తకంలో వ్రాసుకొనవలెను. ఏ తీగ ఏ రంధ్రంలో ఉన్నదో గుర్తు పెట్టవలెను. కన్వర్టరు తీగను వేరొక యు.ఎస్.బి. రంధ్రానికి మారిస్తే కామ్ పోర్టు నంబరు మారవచ్చును.

3. కంప్యూటరు తెరుచుకొనుటకు ఎన్ని నిమిషాలు, ఒక చీటీ వచ్చుటకు ఎన్ని సెకండ్లు పడుతున్నవో గడియారం చూచి వ్రాయవలెను. ఈ అంకెలు లేనిదే మెరుగుదల ఉన్నదో లేదో చెప్పలేము.

4. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పని మందగించిన సమయంలో ప్రాసెసరు, మెమరీ, డిస్కులలో దేని శాతం నూటికి చేరుతున్నదో చూడవలెను. జబ్బు ఎక్కడున్నదో ఇదే చెబుతుంది.

5. అందులోనే స్టార్టప్ అనే పేజీలో పాటలు, ఆటలు, మాటామంతీ ప్రోగ్రాములను డిజేబుల్ చేయవచ్చును. పాల ప్రోగ్రాము, డేటాబేసు, వైరసు రక్షణ జోలికి పోరాదు. పేరు తెలియనిదానిని ముట్టరాదు.

6. సెట్టింగులలోని స్టోరేజ్ పేజీ నుండి తాత్కాలిక ఫైళ్ళు తీసివేయవచ్చును. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే పేరు ఉంటే, అందులో మన బిల్లులు లేవని చూచుకొన్న తరువాతనే గుర్తు పెట్టవలెను.

7. పరీక్ష యంత్రం అంకెలు మధ్య మధ్య ఆగిపోతుంటే, వాడకంలో లేని యు.ఎస్.బి. పరికరానికి కరెంటు తగ్గించే అమరికను పవర్ ఆప్షన్లలో ఆపి చూడవలెను.

8. కరెంటు తీగ తీసివేసి, లోపలి దుమ్మును తెలిసినవారిచేత శుభ్రం చేయించవలెను.

ఒక మార్పు చేసి, రెండు పూటలు చూచి, మళ్ళీ సమయం కొలిచి, అప్పుడే రెండవ మార్పు చేయవలెను. బిల్లు తయారయ్యే రోజున, దాని ముందు రోజున ఏ మార్పు చేయరాదు.

డబ్బు ఎక్కడ వెచ్చించాలి?

ఇవన్నీ చేసినా డిస్కు శాతం ఎప్పుడూ నూటికి దగ్గరగా ఉంటే పాత హార్డుడిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయించుట, మెమరీ నిండుతుంటే ర్యామ్ పెంచుట సరియైన మార్గము. ఏటేటా సాఫ్ట్‌వేరుకు చందా కట్టుటకంటె ఒకసారి పెట్టే ఈ ఖర్చు నిలిచే ఫలితం ఇస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అది నడుస్తున్న సంఘాలు కంప్యూటరు మార్చవలెనా, విండోస్ 11 ఎక్కించవచ్చునా అనేది పాల ప్రోగ్రాము సరఫరాదారుతో విచారించి నిర్ణయించుకొనవలెను.

అయితే యంత్రం తానుగా చేసే పనులన్నిటినీ కాదనరాదు. డిస్కును వారం వారం సవరించే ఏర్పాటు విండోస్‌లో ముందే కలదు. అది తిరిగే డిస్కును ఒక విధంగాను, ఎస్.ఎస్.డి.ని మరొక విధంగాను సరిగా గుర్తించి చూచుకుంటుంది. వైరసు రక్షణ, అప్‌డేట్లు కూడా ఆ విధమైనవే. రోజూ ఒకే విధంగా చేయవలసినది యంత్రానికి వదలవచ్చును. మన కేంద్రం అవసరాలు తెలిసి నిర్ణయించవలసినది మాత్రం మనుష్యులే చేయవలెను.

పాలకవర్గం సభ్యులు తదుపరి సమావేశంలో ఈ విషయం చర్చించి, సంఘం కంప్యూటరులో ఏ క్రొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించవలెనన్నా పాలకవర్గం అనుమతి ఉండవలెనని తీర్మానించుట మంచిది. మార్పుల పుస్తకాన్ని కార్యదర్శి సేకరణ రిజిస్టరుతో పాటు ఉంచవలెను. సభ్యులు కూడా ప్రతి పూట చీటీ తీసుకొని, తమ వెన్న శాతాన్ని, తూకాన్ని చూచుకొనవలెను. కంప్యూటరులో ఏ మార్పు వలన లెక్క తప్పినా దానిని మొదట పట్టుకోగలిగినది ఆ చీటీ చదివే సభ్యుడే.